వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా తుమ్ములే: ఇది పడిశమా, అలర్జీనా?

మండీ_గుమాస్తా (ఆదోని)
అందరికీ నమస్కారం. ఆదోని యార్డులో ఒక కమీషన్ మండీలో లెక్కలు రాస్తుంటాను. వయసు 34. వినాయక చవితి దాటిందంటే నాకు మొదలవుతుంది. పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, ముక్కులోంచి నీళ్లు, కళ్లూ అంగిలీ ఒకటే దురద. యార్డుకు కొత్త శెనక్కాయలు రావడం మొదలైతే ఇక చెప్పనక్కర్లేదు. సంక్రాంతి దాకా ఇదే వరస. జ్వరం మాత్రం రాదు. ఊళ్లో చూపిస్తే ప్రతిసారీ యాంటీబయాటిక్, ఒక ఇంజెక్షన్. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదటికే.

ఈసారి కర్నూలు పోయి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకున్నాను. "అలర్జిక్ రైనైటిస్, ఇదొక హైపర్‌సెన్సిటివిటీ రియాక్షన్" అని చెప్పి ముక్కులో కొట్టుకునే స్ప్రే రాశారు. రోజూ వాడాలంట. బయట జనం నిండిపోయి ఉన్నారు, ఇంకేం అడిగేది? పెట్టె మీద చూస్తే అది స్టెరాయిడ్. ఇంకా తెరవలేదు. అసలు హైపర్‌సెన్సిటివిటీ అంటే ఏంది? నా ఒంట్లో ఏదైనా తగ్గిందా, ఎక్కువైందా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
అన్నా, ముందు పెరుగు, అరటిపండు, చద్దన్నం మానెయ్. రాత్రి పసుపు వేసి ఆవిరి పట్టు. మా ఇంట్లో అందరికీ ఇదే. స్టెరాయిడ్ జోలికి మాత్రం పోవద్దు, ఒళ్లు ఉబ్బిపోతుంది.

చెవి_ముక్కు_గొంతు (కడప)
నేను ఈఎన్‌టీ డాక్టర్ని. గుమాస్తా గారూ, మిమ్మల్ని చూసిన డాక్టరు మాటే మీకు ప్రమాణం. నేను విషయం వివరిస్తాను, అంతే. ముందు కొన్ని ప్రశ్నలు. నీళ్లు రెండు ముక్కుల్లోంచీ కారుతున్నాయా, ఒకవైపేనా? రంగు ఉందా? యార్డుకు సెలవున్న రోజుల్లో తగ్గుతుందా? చిన్నప్పుడు ఉబ్బసం గానీ, మోచేతి మడతల్లో తామరలాంటి దురద గానీ ఉండేదా? మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా ఆయాసం ఉందా? రాత్రి పిల్లికూతలు వస్తాయా?

తుంగభద్ర గారూ, ఆవిరి పట్టుకుంటే కాసేపు హాయిగా ఉంటుంది, కాదనను. మరుగుతున్న గిన్నె మీద దుప్పటి కప్పుకుని పిల్లల్ని కూర్చోబెట్టకండి, కాలిన కేసులు వస్తుంటాయి. పెరుగు సంగతి మళ్లీ చెబుతాను.

మండీ_గుమాస్తా
రెండు వైపులా సార్. నీళ్లలాగే తెల్లగా ఉంటుంది. యార్డు నాలుగు రోజులు మూస్తే సగానికి సగం నయం, పూర్తిగా పోదు. పొద్దుటి తుమ్ములు సెలవు రోజైనా తప్పవు. మా నాయనకు ఆయాసం ఉండేది. నాకు పిల్లికూతలు లేవు. ముక్కు మూసుకుపోయి నోరు తెరుచుకుని పడుకుంటానని మా ఇంటావిడ అంటుంది.

చెవి_ముక్కు_గొంతు
మీరు చెప్పినదాంట్లో దురదే పెద్ద ఆనవాలు. మామూలు పడిశంలో గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, కొంచెం జ్వరం ఉంటాయి. వారం పది రోజుల్లో పోతుంది, దురద పెద్దగా ఉండదు. ఏటా అదే కాలంలో వచ్చి నెలల తరబడి ఉండే పడిశం అంటూ ఉండదు.

వారంలో నాలుగు రోజులకు మించి, వరసగా నాలుగు వారాలకు మించి ఉంటే దాన్ని విడవకుండా ఉండే రకం అంటాం. నిద్ర చెడినా, పనికి అడ్డం వచ్చినా తీవ్రత మధ్యస్థం నుంచి ఎక్కువ అని లెక్క. మీది అదే. కాబట్టి తుమ్ము వచ్చినప్పుడు ఒక బిళ్ల వేసుకుంటే సరిపోయే రకం కాదు. డాక్టరు రోజూ స్ప్రే రాయడానికి కారణం ఇదే.

రెండు కారణాలు ఉన్నట్టున్నాయి. ఒకటి యార్డులో, ఇంకొకటి మీ పడకగదిలో.

మైక్రోబయాలజీ_అయ్యవారు (అనంతపురం)
రిటైరయ్యాక కూడా పాఠం చెప్పే అవకాశం వస్తే వదులుకోలేను. గుమాస్తా నాయనా, ఏదైనా తగ్గిందా ఎక్కువైందా అని అడిగావు. రెండూ కాదు. నీ రోగనిరోధక వ్యవస్థ పట్టించుకోనక్కర్లేని దాన్ని పట్టించుకుంటోంది. హైపర్‌సెన్సిటివిటీ అంటే అదే.

లోపల జరిగేది ఇది. పుప్పొడి గానీ, దుమ్ములోని పురుగు రెట్ట గానీ ముక్కు లోపలి తడి పొర మీద పడుతుంది. అందులోని ప్రొటీన్ కరుగుతుంది. అక్కడ కాపలా ఉండే డెండ్రిటిక్ కణాలు దాన్ని పట్టుకుపోయి టీ కణాలనే తెల్లకణాలకు చూపిస్తాయి. చాలామందిలో కథ అక్కడితో అయిపోతుంది. కొందరిలో ఆ టీ కణాలు టీహెచ్2 అనే రకంగా మారి ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అనే సంకేతాలు పంపుతాయి. అవి అందుకున్న బీ కణాలనే ఇంకో రకం తెల్లకణాలు ఐజీఈ అనే యాంటీబాడీని, అంటే పరాయి పదార్థాన్ని పట్టుకునే ప్రొటీన్‌ని తయారుచేస్తాయి. ఇంతవరకూ మనిషికి ఏమీ తెలీదు. ఒక్క తుమ్మూ రాదు. "ఇన్నేళ్లు ఇదే యార్డులో ఉన్నా, ఇప్పుడెందుకొచ్చింది" అని అందరూ అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

ఈ ఐజీఈ రక్తంలో రెండు రోజులకే సగం అయిపోతుంది. కానీ ముక్కు పొరలో ఉండే మాస్ట్ కణాల మీద ఎక్కి కూర్చుందంటే వారాల తరబడి కదలదు. మాస్ట్ కణం నిండా హిస్టమిన్ అనే రసాయనపు గుళికలు. మళ్లీ అదే ప్రొటీన్ వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను కలిపి పట్టుకుందంటే నిమిషాల్లో ఆ గుళికలు బయటపడతాయి. హిస్టమిన్ నరాన్ని తాకితే దురద, తుమ్ము. గ్రంథుల వల్ల నీళ్లు. రక్తనాళాలు ఉబ్బితే దిబ్బడ. వెంటనే ల్యూకోట్రైన్లు, ప్రోస్టాగ్లాండిన్ డీ2 అనే ఇంకొన్ని రసాయనాలు కొత్తగా తయారై దిబ్బడను ఇంకా పెంచుతాయి.

అంతటితో ఆగదు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి చేరతాయి. ఇది రెండో విడత. ఇందులో తుమ్ముల కంటే దిబ్బడ ఎక్కువ. పగలంతా యార్డులో ఉండి రాత్రి ముక్కు మూసుకుపోవడంలో దీని పాత్ర ఉంటుంది. రోజూ ఇలా జరుగుతుంటే ముక్కు పొర వాపు దిగడానికి సందు దొరకదు. నేల బాగా నానాక చిన్న వానకే వంకలు పారినట్టు, సీజన్ మధ్యకొచ్చేసరికి చిటికెడు దుమ్ముకే తుమ్ములు మొదలవుతాయి.

లారీ_44 (గుత్తి)
అయ్యవారూ, బాగా చెప్పినారు. నాకూ ఇదే రోగం. కర్నూలు నుంచి బెంగుళూరు లైన్. నా క్లీనర్ నాకంటే ఎక్కువ దుమ్ము తింటాడు, వానికేం లేదు. నాకొక్కడికే ఎందుకు? ఇంకొకటి, షాపులో ఇచ్చే చిన్న పసుపు బిళ్ల వేసుకుంటే తుమ్ములు ఆగుతాయి గానీ పెనుకొండ ఘాట్ దగ్గరికొచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి. టెన్షన్‌గా ఉంది.

మెడికల్_షాపు (డోన్)
లారీ అన్నా, అది క్లోర్‌ఫెనిరమిన్ అయి ఉంటుంది. పాత తరం బిళ్ల. మెదడులోకి పోయి నిద్ర తెస్తుంది. ముందురోజు రాత్రి వేసుకున్నా మరుసటి పొద్దుకు మత్తు ఉండొచ్చు. స్టీరింగ్ పట్టేవాళ్లకు నేను ఇవ్వను, అడిగి మరీ తిట్టించుకుంటాను. సిట్రిజిన్, లివోసిట్రిజిన్ కొత్త తరమే, కానీ అవి కూడా కొందరికి మగత తెస్తాయి. ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్, బిలాస్టిన్ మత్తు తక్కువ. ఏది సరిపోతుందో డాక్టరును అడిగి రాయించుకో.

ఒక్క జాగ్రత్త. ఫెక్సోఫెనడిన్‌ను పండ్ల రసంతో మింగకూడదు, మందు ఒంటికి సరిగా పట్టదు. దారిలో చీనీ జ్యూస్ బండి కనపడిందని దాంతో వేసుకుంటే బిళ్ల దండగ. నీళ్లతోనే.

మైక్రోబయాలజీ_అయ్యవారు
లారీ నాయనా, నీకొక్కడికే ఎందుకంటే సగం సమాధానం వంశంలో ఉంది. ఐజీఈ తేలిగ్గా తయారయ్యే తత్వాన్ని అటోపీ అంటారు. అదే ఇంట్లో ఒకరికి ఉబ్బసం, ఒకరికి చర్మం దురద (ఎగ్జిమా), ఒకరికి తుమ్ములు. గుమాస్తా నాయనకు ఆయాసం ఉండేదని చెప్పాడు, చూశావు కదా. మిగతా సగం పెరిగిన వాతావరణం.

పాతకాలం_మనిషి (జమ్మలమడుగు)
మా కాలంలో ఈ అలర్జీలు యాడున్నాయప్పా? మట్టిలో పడి దొర్లినోళ్లం. గొర్రెల దొడ్డి పక్కనే పడుకునేవాళ్లం. ఇప్పుడు పిల్లలకు కాలికి మట్టి అంటనీరు, అందుకే ఈ రోగాలు.

మైక్రోబయాలజీ_అయ్యవారు
పెద్దాయనా, మీ మాటను కొట్టిపారేయలేను. 1989లో బ్రిటన్‌లో స్ట్రాచన్ అనే ఆయన, ఇంట్లో అన్నలూ అక్కలూ ఎక్కువగా ఉన్న పిల్లలకు ఈ తుమ్ముల జబ్బు తక్కువని గమనించాడు. పొలం ఇళ్లల్లో, పశువుల మధ్య పెరిగిన పిల్లల్లోనూ అలర్జీలు తక్కువగా కనిపిస్తాయి. అయితే అది పసితనంలో సంగతి. ఒకసారి ఐజీఈ తయారయ్యాక మళ్లీ మట్టిలో దొర్లితే తగ్గదు, పెరుగుతుంది. మనవళ్ల మీద ప్రయోగం చేయొద్దు.

మీ కాలంలోనూ లేకపోలేదు. పడిశం అని పేరు పెట్టి వదిలేశారు, అంతే. లండన్‌లో జాన్ బోస్టాక్ అనే డాక్టరు తనకే ఉన్న ఈ జబ్బును 1819లో రాసిపెట్టాడు. పుప్పొడి వల్ల వస్తుందని చార్లెస్ బ్లాక్లీ 1873లో తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. అలర్జీ అనే మాటను 1906లో వియన్నాలో ఫాన్ పిర్కే పుట్టించాడు.

నాకు అన్నిటికంటే నచ్చిన కథ 1921ది. జర్మనీలో క్యూస్ట్నర్ అనే డాక్టరుకు చేప పడదు. ఆయన రక్తంలోని సీరం తీసి, ఆయనతో పనిచేసే ప్రౌస్‌నిట్జ్ అనే డాక్టరు తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మరుసటి రోజు అదే చోట చేప సారం ఎక్కిస్తే దద్దురు లేచింది. అంటే అలర్జీని మోసే పదార్థమేదో రక్తంలో ఉందని తేలింది. అదేమిటో తెలియడానికి ఇంకో నలభై అయిదేళ్లు పట్టింది. 1966లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, దాదాపు అదే సమయంలో స్వీడన్‌లో జొహాన్సన్, బెనిక్ దాన్ని పట్టుకున్నారు. ఐజీఈ అని పేరు 1968లో ఖాయమైంది. ఇషిజాకాలు వాడింది రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి పడని రోగుల సీరం. ఆ రాగ్‌వీడ్‌కు మన ఊళ్లో దగ్గరి చుట్టం ఉంది. ఎవరో చెప్పండి చూద్దాం.

కలుపు_మనిషి (పత్తికొండ)
కాంగ్రెస్ గడ్డి సార్! వయ్యారిభామ. వ్యవసాయంలో పనిచేస్తాను, దీంతో రోజూ కొట్లాటే. ఇది మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1950ల్లో పుణె దగ్గర మొదట గమనించారు. ఇప్పుడు పొలం గట్టు, రైలు కట్ట, ఖాళీ ప్లాటు, అన్నిచోట్లా అదే. వాన పడిన కొన్ని వారాలకే పూత. మన దగ్గర వానలు పడేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కాబట్టి గుమాస్తా అన్న చెప్పిన చవితి లెక్క సరిగ్గా సరిపోతుంది. దీన్ని తినే పురుగును 1984లో మెక్సికో నుంచి తెప్పించి వదిలారు. వానాకాలంలో బాగానే తింటుంది, కానీ మొక్క దానికంటే మొండి.

పొద్దుతిరుగుడు, బంతి, చామంతి కూడా ఇదే కుటుంబం. ఒకటి పడనివాళ్లకు ఇంకోటి పడకపోవచ్చు. ఇక కంపచెట్టు, అదే సర్కారు తుమ్మ, దాని పుప్పొడి కూడా అలర్జీ తెచ్చే వాటిలో పేరున్నదే. అనంతపురం దారిలో కిటికీ తీసి పోతే రెండు పక్కలా అదే కదా.

నా ప్రశ్న వేరే. మా దగ్గర కూలీలకు కాంగ్రెస్ గడ్డి పీకితే తుమ్ములు కాదు, చేతులు, మెడ, కనురెప్పలు నల్లబారి పగిలి దురద వస్తుంది. అది కూడా ఈ ఐజీఈనేనా?

మైక్రోబయాలజీ_అయ్యవారు
భలే ప్రశ్న. కాదు. గెల్, కూంబ్స్ అనే ఇద్దరు 1963లో హైపర్‌సెన్సిటివిటీని నాలుగు రకాలుగా విడదీశారు. గుమాస్తాది మొదటి రకం, ఐజీఈతో, నిమిషాల్లో. రెండోదీ మూడోదీ ఇక్కడ మనకు అక్కర్లేదు. ఒకటి తప్పు గ్రూపు రక్తం ఎక్కిస్తే జరిగేలాంటిది, ఇంకోటి యాంటీబాడీల ముద్దలు రక్తనాళాల్లో పేరుకుని చేసే చేటు. నాలుగో రకంలో యాంటీబాడీ ప్రమేయమే ఉండదు. టీ కణాలు నేరుగా దిగుతాయి, ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటాయి. మీ కూలీల చర్మానిది ఎక్కువగా ఇదే.

తేడా తెలియాలంటే పరీక్షలను చూడండి. టీబీకి చేతి మీద మాంటూ సూది వేసి 48 నుంచి 72 గంటల తర్వాత రమ్మంటారు, అది నాలుగో రకం. అలర్జీకి చర్మం మీద చుక్క వేసి గుచ్చి, 15 నుంచి 20 నిమిషాల్లో అక్కడే చూసి పంపిస్తారు, అది మొదటి రకం. ఒకే మొక్క, ఒకే ఊరు. ఒకరికి ముక్కు, ఒకరికి చర్మం, పాపం కొందరికి రెండూ. చర్మానికి సిట్రిజిన్ బిళ్ల ఎంత మింగినా పెద్దగా పనిచేయదని మీ కూలీలు చెప్పే ఉంటారు. అక్కడ పని హిస్టమిన్‌ది కాదు కాబట్టి. చర్మం డాక్టరుకు చూపించండి. పీకించాల్సి వస్తే పూతకు రాకముందే, చేతులకు తొడుగులతో.

ఇద్దరు_పిల్లల_అమ్మ (ప్రొద్దుటూరు)
చదువుతుంటే మా పెద్దోడి గురించే రాసినట్టుంది. ఎనిమిదేళ్లు. అరచేత్తో ముక్కును పైకి నెడుతూ ఉంటాడు, ముక్కు మీద అడ్డంగా గీత పడింది. కళ్ల కింద నలుపు. వాళ్ల నాన్నమ్మ దిష్టి అంటుంది. చల్లని నీళ్లు, ఐస్‌క్రీం అన్నీ ఆపేశాం, ఏం మారలేదు. డాక్టరు స్ప్రే రాస్తే మా ఆయన "పిల్లోడికి స్టెరాయిడా" అని ఒప్పుకోవట్లేదు. ఎదుగుదల ఆగిపోతుందా డాక్టరు గారూ?

చెవి_ముక్కు_గొంతు
అమ్మా, ఆ గీతకు వైద్యంలో పేరే ఉంది, దురదతో ముక్కును పైకి తోసి తోసి పడుతుంది. కళ్ల కింద నలుపు దిష్టి కాదు, ముక్కు దిబ్బడ వల్ల అక్కడి సిరల్లో రక్తం నిలవడం.

స్టెరాయిడ్ భయం గురించి వివరంగా చెబుతాను, గుమాస్తా గారు కూడా వినండి. ఫ్లూటికాసోన్ ఫ్యూరోయేట్ స్ప్రే పెద్దవాళ్లకు రోజంతటికీ 110 మైక్రోగ్రాములు, పిల్లలకు మామూలుగా 55. ఆయాసానికి మింగే ప్రెడ్నిసోలోన్ బిళ్ల 10 మిల్లీగ్రాములంటే 10,000 మైక్రోగ్రాములు. మందుల బలం వేరు కాబట్టి లెక్కకు లెక్క పోల్చకూడదు, నిజమే. అసలు విషయం ఇంకోటి. ఫ్లూటికాసోన్ ఫ్యూరోయేట్, మొమెటాసోన్ లాంటివి ముక్కులో పనిచేసి రక్తంలోకి 1 శాతం కూడా చేరవు. ఈ రెండూ అమెరికాలో రెండేళ్లు దాటిన పిల్లలకు అనుమతి ఉన్నవే. నెలల తరబడి వాడేటప్పుడు పిల్లాడి ఎత్తు కొలుస్తూ ఉంటాం, పనిచేసేంత తక్కువ మోతాదులో ఉంచుతాం. రాత్రంతా నోటితో గాలి పీల్చి, నిద్ర లేక బడిలో తూగే పిల్లాడి నష్టం కూడా లెక్కలో వేసుకోవాలి కదా.

మీరు భయపడాల్సిన స్టెరాయిడ్ వేరే ఉంది. "ఒక్క సూదితో సీజన్ అంతా హాయి" అని వేసే డిపో స్టెరాయిడ్ ఇంజెక్షన్. అది ఒళ్లంతా తిరుగుతుంది, వారాల పాటు ఉంటుంది. షుగరు, బీపీ పెరగొచ్చు. ఈ జబ్బుకు దాన్ని సిఫారసు చేయం. గుమాస్తా గారూ, మీకు ప్రతిసారీ వేసింది అదేనో కాదో చీటీ ఉంటే చూపించుకోండి. విచిత్రమేమంటే సూదికి ఎవరూ భయపడరు, స్ప్రేకు భయపడతారు.

పెరుగు సంగతి. పెరుగు, అరటిపండు వల్ల ఈ ముక్కు అలర్జీ రాదు. తిన్న ప్రతిసారీ మీకు ఇబ్బంది అయితే మానండి, లేకపోతే హాయిగా తినండి. చల్లగాలికి, ఘాటు తాలింపుకు కొందరికి ముక్కు కారుతుంది. అది నరాల వల్ల, అలర్జీ కాదు.

మండీ_గుమాస్తా
సార్, అయితే శెనక్కాయలు తినడం మానాలా? ఇంట్లో అందరూ అదే అంటున్నారు. చెట్నీ లేకుండా ఎట్లా?

చెవి_ముక్కు_గొంతు
తింటే ఏమవుతుంది మీకు? దద్దుర్లు, పెదాలు వాయడం, వాంతి, ఊపిరాడకపోవడం ఏవీ లేకపోతే చెట్నీ మానొద్దు. కాయ తింటే వచ్చే అలర్జీ వేరు, యార్డులో కాయ మీది దుమ్ము వేరు. ఆ దుమ్ములో మట్టి, పొట్టు, బూజు, నిలవ సరుకులో పెరిగే పురుగులు అన్నీ ఉంటాయి. బస్తాలు దింపేటప్పుడు, జల్లెడ పట్టేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి. మెడలో వేలాడే తువ్వాలు ఈ పనికి చాలదు.

మెడికల్_షాపు
స్ప్రే గురించి షాపు అనుభవం. తీసుకెళ్లినవాళ్లలో చాలామంది తిరిగొచ్చి "పనిచేయలా" అంటారు. అడిగితే ఒకటి రెండు రోజులు కొట్టి ఆపేసి ఉంటారు. ఇది కొట్టగానే ముక్కు తెరుచుకునే మందు కాదు. పూర్తి గుణం కనపడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందరూ అడిగేది ముక్కులో వేసే చుక్కలు, జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్. క్షణంలో తెరుచుకుంటుంది మరి.

రాత్రి_నిద్రలేదు (తాడిపత్రి)
ఆ చుక్కలు లేకపోతే నాకు నిద్రే పట్టదు. జేబులో ఒకటి, దిండు కింద ఒకటి. ముందు రాత్రికి ఒకసారి చాలేది, ఇప్పుడు రెండు మూడు గంటలకోసారి వేయాల్సి వస్తోంది.

చెవి_ముక్కు_గొంతు
అదే దాని గుణం. మూడు నుంచి అయిదు రోజులకు మించితే చుక్క బలం తగ్గగానే ముక్కు ఇంకా ఎక్కువగా ఉబ్బుతుంది. ఇప్పుడు మీ దిబ్బడలో కొంత అలర్జీది, కొంత చుక్కలదే. మానడానికి దారి ఉంది. స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, చుక్కలు ముందు ఒక ముక్కులో ఆపి, ఆ తర్వాత రెండోదాంట్లో ఆపడం ఒక పద్ధతి. మొదటి వారం కష్టంగా ఉంటుంది. డాక్టరు దగ్గర కూర్చుని చేయండి.

స్ప్రే కొట్టే తీరు కూడా చెబుతాను. ముక్కు చీది శుభ్రం చేసుకోండి. తల కొంచెం ముందుకు వంచాలి, వెనక్కి కాదు. కుడి ముక్కుకు ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకు కుడి చెయ్యి. అప్పుడు మందు మధ్య గోడ మీద పడకుండా పక్క గోడ వైపు పోతుంది. మధ్య గోడకు తగులుతుంటే రక్తం వస్తుంది. గట్టిగా పీల్చకండి, మందు గొంతులోకి జారిపోతుంది. దీనికి ముందు ఉప్పునీళ్లతో ముక్కు కడిగితే ఇంకా మేలు. లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు, సుమారు ఒకటిన్నర టీస్పూన్లు. నీళ్లు మరగబెట్టి చల్లార్చినవే వాడాలి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు నేరుగా వద్దు.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ధన్యవాదాలు సార్. మా ఆయనకు చదివి వినిపించాను, సరే చూద్దాం అన్నాడు. మాకు ఇంతకుముందు లివోసిట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిసిన సిరప్ కూడా ఇచ్చారు. అది వేసినప్పుడు పిల్లోడు రాత్రుళ్లు కలవరించి ఏడ్చేవాడు. సంబంధం ఉందా?

చెవి_ముక్కు_గొంతు
ఉండొచ్చు. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, అరుదుగా ఆత్మహత్య ఆలోచనలు రావొచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టించింది. ముక్కు అలర్జీ ఒక్కదానికే అయితే మిగతా మందులు పనిచేయనప్పుడే దాని జోలికి వెళ్లమంది. ఉబ్బసం కూడా ఉందేమో, దానికోసం ఇచ్చారేమో మీ డాక్టరును అడగండి. రాత్రి ఏడుపు సంగతి తప్పకుండా చెప్పండి. ముక్కూ ఊపిరితిత్తులూ ఒకే దారి కాబట్టి పిల్లాడి ఛాతీ కూడా పరీక్ష చేయించండి.

తుంగభద్ర_గట్టు
ఇంట్లో దుమ్ము గురించి ఎవరూ చెప్పలేదు. మాది ఎండ ఊరు, పురుగులు ఎక్కడ బతుకుతాయి?

మైక్రోబయాలజీ_అయ్యవారు
డస్ట్ మైట్ అనేది మిల్లీమీటరులో మూడో వంతు. ఎండిన గాలిలో బతకలేదు, నిజమే. కానీ దూది పరుపులో మన చెమట, ఊపిరి తడి చాలు దానికి. మన రాలిన చర్మం పొట్టే దాని తిండి. పైగా వేసవంతా నీళ్ల కూలర్ పెట్టుకుని గది తలుపులు బిగించి మనమే తేమ తయారుచేస్తాం. పరుపు, దిండ్లు మంచి ఎండలో వేయడం మన పాత అలవాటు, మంచిదే. పురుగు చచ్చినా రెట్టలోని ప్రొటీన్ అక్కడే ఉంటుంది, కాబట్టి ఎండాక బయట దులపాలి. ఆ దులిపే పని అలర్జీ ఉన్నవాళ్లు చేయకూడదు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో. గుమాస్తా నాయన పొద్దుటి తుమ్ములు సెలవు రోజు కూడా తప్పనిది బహుశా ఇందుకే.

జిన్నింగ్_మిల్లు (ఆదోని)
నేను పత్తి మిల్లులో చేస్తాను. నాకు తుమ్ములు లేవు. సెలవు తర్వాత సోమవారం పనిలోకి పోతే సాయంత్రానికి ఛాతీ పట్టేసి దగ్గు. మంగళ, బుధ వారాలకు తేలికవుతుంది. ఇది కూడా అలర్జీనే కదా, గుమాస్తా అన్న స్ప్రే నేనూ కొట్టుకోవచ్చా?

చెవి_ముక్కు_గొంతు
వద్దు, ఆగండి. మీది వేరే జబ్బు కావొచ్చు. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ ఇలాగే సెలవు తర్వాతి మొదటి రోజు ఎక్కువగా ఉండి వారం గడిచేకొద్దీ తగ్గుతుంది. ఐజీఈ అలర్జీ అయితే దుమ్ము తగిలే కొద్దీ పెరగాలి, మీది తగ్గుతోంది. పత్తి దుమ్ములో బ్యాక్టీరియా విషాల పాత్ర ఉందంటారు. ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పోయి ఊదే పరీక్ష చేయించుకోండి. వీలైతే సోమవారం పనికి ముందొకసారి, పని దిగాక ఒకసారి. ముక్కు స్ప్రే దీనికి పనికిరాదు.

లారీ_44
డాక్టరు గారూ, చర్మం మీద గుచ్చే టెస్టు చేయించుకోవాలనుకుంటున్నా. రక్తంలో ఐజీఈ ఎక్కువుందని రిపోర్టు నా దగ్గర ఉంది, అది చాలదా? ఇంజెక్షన్లతో శాశ్వతంగా నయమవుతుందని బెంగుళూరులో ఒకాయన చెప్పినాడు.

చెవి_ముక్కు_గొంతు
మీ రిపోర్టు మొత్తం ఐజీఈ ఎంతుందో చెబుతుంది గానీ మీకు ఏది పడదో చెప్పదు. కడుపులో నులిపురుగులున్నా పెరుగుతుంది. గుచ్చే టెస్టు గానీ, ఒక్కో పదార్థానికి విడిగా చేసే ఐజీఈ రక్త పరీక్ష గానీ కావాలి. అది కూడా మీ లక్షణాలతో కలిపి చూడాలి. టెస్టులో దద్దురు లేచినంత మాత్రాన అదే మీ జబ్బుకు కారణమని కాదు. వందల తిండి పదార్థాలకు ఐజీజీ (ఇది వేరే రకం యాంటీబాడీ) అని చేసే ఖరీదైన ప్యాకేజీలు మాత్రం దండగ.

ఆయన చెప్పింది ఇమ్యునోథెరపీ. పడని పదార్థాన్నే కొంచెం కొంచెంగా పెంచుతూ ఇచ్చి ఒంటిని అలవాటు చేయడం. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మొదలుపెట్టాడు. ఇప్పుడు సూదిగా గానీ, నాలుక కింద చుక్కలుగా గానీ ఇస్తారు. జబ్బు మూలం మీద పనిచేసేది ఇదొక్కటే, ఆపాక కూడా కొన్నేళ్లు గుణం నిలుస్తుంది. శాశ్వతమని మాత్రం హామీ ఇవ్వలేం. కనీసం మూడేళ్లు తీసుకోవాలి. సూది వేసిన ప్రతిసారీ అరగంట ఆస్పత్రిలోనే కూర్చోవాలి, అరుదుగా ఒళ్లంతా రియాక్షన్ రావొచ్చు. అదుపులో లేని ఉబ్బసం ఉంటే వేయరు. నెలలో సగం రోజులు రోడ్డు మీద ఉండే మీకు సూదుల షెడ్యూలు కష్టం, చుక్కల గురించి అడగండి. ముందు స్ప్రే, మత్తు తక్కువ బిళ్లతో ఒక సీజన్ చూడండి, చాలామందికి అక్కడే సరిపోతుంది.

టెస్టుకు పోయే ముందు వారం రోజులు సిట్రిజిన్ లాంటి బిళ్లలు ఆపాలి, లేకపోతే దద్దురు లేవదు. ముక్కు స్ప్రే ఆపక్కర్లేదు, అందులో యాంటీహిస్టమిన్ కలిసి ఉంటే మాత్రం చెప్పండి. బీపీ మాత్రలు వాడుతుంటే వాటి పేరు కూడా. మన వైపు పుప్పొడి, కాంగ్రెస్ గడ్డి, డస్ట్ మైట్, బొద్దింక, బూజులు వాళ్లు టెస్టు చేసే జాబితాలో ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. టెస్టు ద్రావణాలు అన్నిచోట్లా ఎప్పుడూ ఉండవు.